ముదరా మీద కొసరు



సూరత్ నుంచి ముంబై వైపు 48వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే పల్సానా తగులుతుంది. హజీరా దగ్గర మొదలై బార్డోలీ, వ్యారా మీదుగా మహారాష్ట్రలోకి పోయే 53వ నంబరు రహదారి ఈ ఊరి దగ్గరే దాన్ని కలుస్తుంది. చుట్టుపక్కలంతా చెరకు పండిన నేల. చల్థాణ్ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఈ తాలూకాలోదే. ఇప్పుడు కడోదరా, జోల్వా, తాంతిథైయా వైపు చూస్తే మిల్లుల పొగగొట్టాలే ముందు కనపడతాయి. సూరత్‌లో నేసిన పాలియెస్టర్ బట్ట ఇక్కడి మిల్లులకొచ్చి రంగులో మునిగి, అచ్చు వేయించుకుని, మడతలు పడి, మళ్లీ సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లకు వెళ్తుంది.

ఈ ప్రాంతానికి తెలుగువాళ్లు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు మరమగ్గాల వెంట భివండీకి, షోలాపూర్‌కి, సూరత్‌కి తరలిపోయి అక్కడే స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే, వాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. గుజరాతీవాళ్లు సాంచో అంటారు. మాట ఎటు నుంచి ఎటు నడిచిందో గాని చప్పుడు మాత్రం రెండుచోట్లా ఒకటే.

అయితే ఇవాళ్టి ముచ్చట సాంచెల గురించి కాదు. పండగ ముందు ఇంట్లో జరిగే ఒక లెక్క గురించి. దుకాణం వాడి గిఫ్ట్ కార్డును తగ్గింపు ధరకు కొనడం, ఆ డబ్బును క్రెడిట్ కార్డు మీద కట్టి పాయింట్లో క్యాష్‌బ్యాకో రాబట్టుకోవడం. అంటే ముదరా మీద కొసరు అడగడం. ఒకే ఖర్చు మీద రెండు లాభాలు. ఇందులో నిజం ఎంత, భ్రమ ఎంత అన్నదే ప్రశ్న.

సూరత్ వాళ్లకు ముదరా సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. రింగ్ రోడ్డులో ఏ బట్టల గద్దీ మీద కూర్చున్నా వినపడే మాట 'వటావ్'. డబ్బు ముందే ఇస్తే ధరలో ఇంత కోత, ఆలస్యమైతే కోత లేదు. కాలానికి ఖరీదు కట్టడం ఈ ఊరికి కొన్ని వందల ఏళ్ల అలవాటు. పదిహేడో శతాబ్దంలో సూరత్ షరాబు వీర్జీ వోరా దగ్గర ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీయే అప్పు తీసుకునేది. అదే కాలంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో, ఏ ఊరి నుంచి సూరత్ మీద హుండీ రాస్తే ఎంత పోతుందో ఓ పట్టీ ఇచ్చాడు. అందులో గోల్కొండ కూడా ఉంది. నూటికి నాలుగైదు రూపాయలన్నమాట. ఇప్పుడు హుండీ అంటే మనకు గుడిలో ఇత్తడి బిందె గుర్తొస్తుంది గాని, ఆ రోజుల్లో హుండీ అంటే కాగితం. ముఖవిలువ కంటే తక్కువకు చేతులు మారే కాగితం. గోల్కొండలో డబ్బు తీసుకుని, సూరత్‌లో ఫలానా రోజుకు చెల్లిస్తానని రాసిచ్చిన మాట. మధ్యలో ఉన్న దూరానికీ, గడువుకీ, దారిలో జరగగల నష్టానికీ ఆ నాలుగైదు రూపాయలు ధర.

ఇవాళ 1,000 రూపాయల గిఫ్ట్ కార్డు 950కి దొరుకుతోందంటే అదీ దాదాపు అలాంటి కాగితమే. కాకపోతే హుండీలో కోత దూరానికి. గిఫ్ట్ కార్డులో కోత మన స్వేచ్ఛకు. 950 ఇచ్చినవాడి డబ్బు ఇక ఆ ఒక్క దుకాణానికే కట్టుబడి ఉంటుంది. పక్క కొట్లో అదే బియ్యం కిలోకి మూడు రూపాయలు తక్కువకు దొరికినా వెళ్లడానికి లేదు. ఆ 50 రూపాయలు మన కాళ్లకు వేసిన బంధానికి దుకాణం ఇచ్చే అద్దె.

ఇప్పుడొక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటాయన పల్సానా దగ్గరి ప్రాసెసింగ్ మిల్లులో సూపర్‌వైజరు. పగారు నెలలో పదో తేదీకి అటూఇటూగా చేతికొస్తుంది. దీపావళికి బట్టలు, నెల సరుకులు, పిల్లాడి బూట్లు అన్నీ కలిపి 20,000 ఖర్చు ఖాయం. ఆ ఇంటావిడే ఈ లెక్కకు అసలు దివాన్. ఆమె ఏం చేస్తుందంటే, తాము ఎటూ వెళ్లే దుకాణం కార్డులను అయిదు శాతం తగ్గింపులో, బ్యాంకు సొంత రివార్డుల పేజీలో కొంటుంది. బ్యాంకులూ, అనుమతి పొందిన సంస్థలూ ఇచ్చే ఒక్కో గిఫ్ట్ కార్డు 10,000కు మించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది గనుక రెండు కార్డులు. కట్టింది 19,000. ఆ 19,000 మీద క్రెడిట్ కార్డు ఒక శాతం వెనక్కి ఇస్తే 190. మొత్తం మిగులు 1,190 రూపాయలు.

అయిదూ ఒకటీ ఆరు కదా, 20,000 మీద 1,200 రావాలి కదా అని ఎవరైనా అంటే, ఆ పది రూపాయల తేడా ఎక్కడిదో ఆమెకు తెలుసు. కొసరు వచ్చేది కార్డు ముఖవిలువ మీద కాదు, జేబులోంచి పోయిన డబ్బు మీద. పది రూపాయలేగా అనిపిస్తుంది. కానీ ఇలాంటి లెక్కల్లో శాతాలను నోటితో కలిపేసుకుని మురిసిపోయేవాళ్లే ఎక్కువ.

1,190 రూపాయలంటే తేలిక డబ్బు కాదు. చీర వస్తుంది.

ఇక అదే ఇంట్లో పగారు ఆలస్యమై, బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టారనుకుందాం. క్రెడిట్ కార్డు వడ్డీ నెలకు 3.75 శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన 19,000 మీద నెలకు 712 రూపాయల 50 పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 128 రూపాయల పావలా. వెరసి 840 రూపాయల 75 పైసలు. ఈ వడ్డీ బిల్లు గడువు నాటి నుంచి కాదు, కొన్న రోజు నుంచే నడుస్తుంది. కనీస మొత్తం కింద కట్టిన నాలుగైదు శాతం మేరకు కాస్త తగ్గుతుంది గాని, కష్టపడి కూడబెట్టిన 1,190 ఇంచుమించు నలభై రెండు రోజుల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత ప్రతి రోజూ నష్టమే.

అందుకని పల్సానా లాంటి చోట ఈ విద్యలో శాతం కంటే తేదీ ముఖ్యం. పదో తేదీన పగారు వచ్చే ఇంటికి, అయిదో తేదీన బిల్లు గడువు పడితే ఏడాదంతా అవస్థే. బిల్లు తయారయ్యే తేదీని మార్చుకునే వీలు కనీసం ఒకసారైనా కార్డుదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 మార్చిలో బ్యాంకులకు చెప్పింది. ఒక ఫోను చేసి గడువును పగారు తర్వాతికి జరుపుకుంటే వచ్చే మేలు, వంద వోచర్ల వల్ల రాదు. జీతం చీటీ చూపలేని ఠేకేదారీ కార్మికులకు మామూలు కార్డు దొరకడం కష్టం. వాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా పెట్టుకుని ఇచ్చే కార్డులు ఉన్నాయి. రూపే క్రెడిట్ కార్డు అయితే యూపీఐలో కలుపుకుని చిన్న కొట్లలోనూ గీకకుండానే కట్టొచ్చు.

సరే, ఇంత కొసరు బ్యాంకు ఎందుకిస్తుంది? దాని జేబులోంచి కాదు. క్రెడిట్ కార్డుతో కట్టిన ప్రతి వంద రూపాయల్లో దుకాణానికి చేరేది తొంభై ఎనిమిది చిల్లర. మిగిలింది బ్యాంకులూ, కార్డు నెట్‌వర్కులూ పంచుకుంటాయి. రివార్డు పాయింట్లు అందులోంచే వస్తాయి. మామూలు యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి 1 నుంచి దుకాణం దగ్గర ఏ రుసుమూ తీసుకోవడం లేదు. అందుకే ఖాతా నుంచి నేరుగా పోయే యూపీఐ మీద పాయింట్ల వాన కురవదు. కురిపించడానికి అక్కడ మబ్బే లేదు.

బ్యాంకులు కూడా తెలివితక్కువవేం కాదు. కార్డు గీకిన ప్రతి చోటుకూ నాలుగు అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. గిఫ్ట్ కార్డులు, బహుమతులు అమ్మే కొట్లకు 5947. వాలెట్లు, ప్రీపెయిడ్ కార్డులు నింపే చోట్లకు 6540. ఈ అంకెలు కనపడగానే చాలా కార్డులు పాయింట్లివ్వడం ఆపేస్తాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎస్బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఉదాహరణ చాలు. ఆన్‌లైన్‌లో ఏం కొన్నా అయిదు శాతం వెనక్కి అనగానే జనం ఎగబడ్డారు. సరిగ్గా ఎనిమిది నెలలకు, 2023 మే 1 నుంచి, నెల బిల్లుకు 5,000 రూపాయలకు మించి క్యాష్‌బ్యాక్ లేదన్నారు. నగలు, బడి ఫీజులు, కరెంటు బిల్లులు, బీమాతో పాటు బహుమతి కార్డుల కొట్లనూ జాబితాలోంచి తీసేశారు. నిన్నటి చిట్కా ఇవాళ పనిచేయకపోవడం ఈ వ్యవహారంలో నిత్యకృత్యం. పక్కింటాయన ఆర్నెల్ల కింద చెప్పిన లెక్క మీద 20,000 పెట్టే ముందు, కార్డు నిబంధనల్లో మినహాయింపుల పేరా ఒక్కటి చదివించుకోవడం మేలు. అదీ ఇంగ్లీషులోనే ఉంటుంది మరి. తెలుగు మాధ్యమంలో చదివి, వీధిలో గుజరాతీ, మిల్లులో హిందీ మాట్లాడే ఇంట్లో ఆ పేరా చదివే పని సాధారణంగా కాలేజీకెళ్లే అమ్మాయి మీద పడుతుంది.

పాయింటు విలువ కూడా చూసుకోవాలి. వందకు అయిదు పాయింట్లంటే అయిదు రూపాయలని కాదు. కొన్ని కార్డుల్లో పాయింటు పావలా. నాలుగు చేరితే గాని రూపాయి కాదు. అప్పుడా అయిదు పాయింట్లు రూపాయి పావలా మాత్రమే.

పండగ అమ్మకాల రోజుల్లో ఇంకో చిక్కు వస్తుంది. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు 2014 అక్టోబరు 6న మొదటి బిగ్ బిలియన్ డే పెట్టిన దగ్గర నుంచి, దసరా దీపావళి అంటే ఆన్‌లైన్ దుకాణాల తిరునాళ్లే. ఫలానా బ్యాంకు కార్డుతో కడితే అప్పటికప్పుడు పది శాతం తగ్గింపు అంటారు. ఆ తగ్గింపు కార్డు మీద కట్టిన మొత్తానికే. గిఫ్ట్ కార్డుతో కట్టిన భాగానికి రాదు. అన్ని డబ్బులూ ముందే వోచర్లలో పోసుకున్నవాళ్లు అప్పుడు నాలుక కరుచుకుంటారు. దీనికి విరుగుడు ఉంది. 15,000 రూపాయల ఫోను; పది శాతం తగ్గింపు, 1,250కి మించకుండా అన్నారనుకుందాం. 12,500 దగ్గర ఆ హద్దు నిండిపోతుంది. అంతవరకు బ్యాంకు కార్డుతో కట్టి, మిగతా 2,500కే మూడు శాతం తగ్గింపుతో తెచ్చిన గిఫ్ట్ కార్డు వాడితే 1,250కి తోడు మరో 75. రెండింటినీ కలపడమంటే అన్నీ ఒకే గంపలో పొయ్యడం కాదు, ఒకటి నిండిన చోట రెండోది అందుకోవడం. పొలాలకు కాలువ నీళ్లు పారించేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

అమెరికాలో ఈ విద్య ఇంకా ముదిరింది. అక్కడి కాస్ట్‌కోలో హోటళ్ల గిఫ్ట్ కార్డులు వంద డాలర్లవి ఎనభైకి దగ్గరగా అమ్ముతారు. ఆ గొలుసు దుకాణాల పేరుతోనే ఉన్న వీసా కార్డుతో కడితే ఇంకో రెండు శాతం. డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల శనివారం కాస్ట్‌కో యాత్ర గురించి తెలియనిదెవరికి? కానీ అందరినీ మించిన కథ అక్కడి ప్రభుత్వ టంకశాలది. డాలరు నాణేలు జనంలోకి పోవడం లేదని, 2008 నుంచి వాటిని ముఖవిలువకే, తపాలా ఖర్చు లేకుండా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. క్రెడిట్ కార్డు కూడా తీసుకున్నారు. ఇంకేముంది, కొందరు వేలకు వేలు నాణేలు కార్డు మీద తెప్పించుకోవడం, విమానాల మైళ్లు మూటగట్టుకోవడం, పెట్టెలు విప్పకుండానే బ్యాంకులో జమచేసి ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టెయ్యడం. నాణెం జనంలోకి పోలేదు. బ్యాంకు గిడ్డంగికి పోయింది. 2011 జులైలో టంకశాల క్రెడిట్ కార్డులు తీసుకోవడం మానుకుంది. చిట్కా అందరికీ తెలిసిన రోజే దాని ఆయుష్షు తీరుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇప్పుడు దుకాణం వైపు నుంచి చూద్దాం. అయిదు శాతం వదులుకుని వాళ్లు బాగుపడేదెట్లా? డబ్బు ముందే చేతికొస్తుంది, వడ్డీ లేని అప్పులాగా. 1,000 కార్డు పట్టుకుని వచ్చినవాళ్లు 1,300కి కొంటారు. అంతకంటే ముఖ్యం, కొందరు మర్చిపోతారు. కార్డు అల్మారాలో ఉండిపోతుంది, మెసేజీ ఫోను మారినప్పుడు పోతుంది, 37 రూపాయలే కదా మిగిలాయని వదిలేస్తారు. స్టార్‌బక్స్ సంస్థ ఇలా ఎవరూ వాడకుండా మిగిలిపోయిన కార్డు డబ్బును, ఇటీవలి సంవత్సరాల్లో ఏటా సుమారు 20 కోట్ల డాలర్ల ఆదాయంగా లెక్కల్లో రాసుకుంటోంది. మనకు దొరికే ముదరాలో కొంత ఆ మతిమరుపు మనిషి కట్టిందే. ఆ మనిషి మనమే కాకుండా చూసుకోవాలి.

మన దేశంలో బ్యాంకులూ, అనుమతి పొందిన సంస్థలూ ఇచ్చే ప్రీపెయిడ్ కార్డులకు కనీసం ఏడాది గడువు ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. కానీ ఒక దుకాణం తన దగ్గరే వాడుకోవడానికి తానే ఇచ్చే కార్డు రిజర్వు బ్యాంకు అనుమతి పరిధిలోకే రాదు. అక్కడ గడువైనా, నిబంధనలైనా దుకాణం రాసుకున్నవే. ఇక ఆ దుకాణమే మూతపడితే? 2011లో అమెరికాలో బోర్డర్స్ అనే పెద్ద పుస్తకాల సంస్థ దివాలా తీసింది. జనం దగ్గర ఇంకా వాడని గిఫ్ట్ కార్డులు 21 కోట్ల డాలర్ల విలువ చేసేవి మిగిలిపోయాయి. కోర్టు దాకా వెళ్లినా వాటికి దమ్మిడీ రాలేదు. షరాబు ఇల్లు కూలితే హుండీ ఎంత విలువ చేస్తుందో గిఫ్ట్ కార్డూ అంతే. అందుకని ఏడాదికి సరిపడా కార్డులు ఒకేసారి కొని దాచుకోవడం పొదుపు కాదు. ఈ నెలలో కొనేదానికి ఈ నెలలో కార్డు, అంతే.

పన్ను సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం వోచర్ల మీద జీఎస్టీ లేదని తేల్చింది. పన్ను ఆ వోచరుతో కొన్న సరుకు మీదే.

మోసాల సంగతి అంత తేలిగ్గా అవదు. అయిదు, పది శాతం తగ్గింపు దాకా నమ్మొచ్చు. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు సగం ధరకు వోచర్లు ఇస్తానంటే, అవి దొంగసొత్తయినా అయ్యుండాలి, అసలు లేనివైనా అయ్యుండాలి. ఇంకో రకం, మిల్లు యజమాని ఫొటో పెట్టుకుని మెసేజీ పంపేవాళ్లు. మీటింగులో ఉన్నాను, అర్జెంటుగా నాలుగు గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు అంటారు. గిఫ్ట్ కార్డు నంబరూ పిన్నూ చెప్పడమంటే నోట్ల కట్ట చేతిలో పెట్టడమే. పోయిందని తెలిసిన క్షణాన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. యజమాని ఏమనుకుంటాడోనని మొహమాటపడి రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

సరుకు వాపసు ఇచ్చేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. గిఫ్ట్ కార్డుతో కొన్నదాన్ని తిరిగిస్తే డబ్బు బ్యాంకు ఖాతాకు రాదు. సాధారణంగా మళ్లీ గిఫ్ట్ కార్డుగానే వస్తుంది. సైజు కుదురుతుందో లేదో అని సందేహమున్న పిల్లాడి బూట్లకు మామూలుగా కట్టడమే సుఖం.

మన ఊహలోని ఇంటావిడ దగ్గరికి వస్తే, ఆమె కార్డుల లెక్క ఫోనులో పెట్టుకోలేదు. వంటింటి క్యాలెండరు వెనక పెన్సిల్‌తో రాసుకుంది: ఎప్పుడు కొన్నది, ఎంత వాడింది, ఎప్పటికి తీరిపోతుంది. దీపావళి దాటాక సూరత్ మార్కెట్లు లాభ్ పంచమి దాకా తెరుచుకోవు. చాలా మిల్లులూ నెమ్మదిస్తాయి. ఆ సందులో కుటుంబం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంది. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే ఆ బండి సూరత్‌లో ఎక్కించుకుని వరంగల్‌లో దించుతుంది. బయల్దేరే ముందు ఆమె క్యాలెండరు వెనక చూసింది. రెండో కార్డులో 43 రూపాయలు మిగిలాయి. ఆ దుకాణం శాఖ వరంగల్‌లోనూ ఉంది. దిగిన మర్నాడు అత్తగారింటికి పంచదార కావాలన్నప్పుడు బిల్లు కౌంటరు దగ్గరి అబ్బాయితో అంది, "ముందు ఇందులో ఉన్నదంతా తీసేసుకో బాబూ, మిగతాది ఫోనుతో కడతాను."